మీకు తెలుసా? నోటి జోరు: రోమ్ వేదిక నుంచి కాశీబుగ్గ దాకా!

ఎన్నికలొచ్చాయంటే నాయకులు ఒకరినొకరు ఎడాపెడా తిట్టుకుంటారు. మనం ‘కలికాలం’ అని నిట్టూరుస్తాం. అయ్యా, ఈ విద్య వయసు రెండు వేల ఏళ్ళ పైమాటే! క్రీ.పూ. 55లో రోమ్ సెనేట్‌లో సిసెరో అనే మహావక్త లేచాడు. పైసో అనే పెద్దమనిషిని పట్టుకుని పశువన్నాడు, బురదన్నాడు. ఆ పైసో ఎవరనుకున్నారు? సాక్షాత్తూ జూలియస్ సీజరుకి పిల్లనిచ్చిన మామ!

రోమ్ సంగతి కాసేపు పక్కన పెట్టండి. మన ఇచ్ఛాపురం గొప్పతనం తెలుసా? రాష్ట్రానికి ఈ కొస ఊరు. పాదయాత్రలు వచ్చి ఆగే ఊరు! 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళలో బయల్దేరి ఇక్కడికొచ్చి ఆగారు. 2013లో కూతురు షర్మిల నడక ఇక్కడే ముగిసింది. 2019 జనవరి 9న కొడుకు జగన్మోహనరెడ్డి యాత్రా ఇక్కడే పూర్తయింది. ఒకే ఇంట్లో ముగ్గురు! చివరాయన నడిచిన దూరం ఎంతో తెలుసా? 3,648 కిలోమీటర్లు!

కాళ్ళ సంగతి సరే, గొంతు సంగతో? యాత్ర సాగిన 341 రోజుల్లో జగన్ మాట్లాడిన బహిరంగ సభలు 124! మూడు రోజులు తిరక్కుండా ఒక సభ! దారిలో జనంతో ముచ్చట్లు దీనికి అదనం.

ఇప్పుడు అసలు తమాషా వినండి! అన్న పార్టీ కోసం 2013లో ఇచ్ఛాపురం దాకా నడిచిన షర్మిల, 2019 ఎన్నికల్లో ‘బై బై బాబు’ అంటూ చంద్రబాబు మీద విరుచుకుపడ్డారు. ఐదేళ్ళు గడిచాయి. 2024 జనవరి 23న కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షురాలిగా మళ్ళీ ఇదే ఇచ్ఛాపురం వచ్చారు. ఈసారి బాణం గురి అన్న ప్రభుత్వం మీదే! ఎలా వచ్చారో తెలుసా? పలాసలో ఆర్టీసీ బస్సెక్కి, ప్రయాణికులతో మాట్లాడుకుంటూ! నాటక రచయిత రాసుంటే ‘మరీ అతిగా ఉంది’ అని మనమే కొట్టిపారేసేవాళ్ళం.

ముగించడానికే కాదు, మొదలుపెట్టడానికీ ఇచ్ఛాపురమే కావాలి! 2018 మే 20న పవన్ కల్యాణ్ పోరాట యాత్రకు ఇక్కడే కొబ్బరికాయ కొట్టారు. 2024 ఫిబ్రవరి 11న లోకేశ్ ‘శంఖారావం’ పూరించిందీ ఇక్కడే. పార్టీలకి ఎన్నింట్లో పడకపోయినా ఈ ఒక్క ఊరి దగ్గర భలే కుదిరింది!

మైకు పడితే జనాన్ని ఊపేసే పవన్ కల్యాణ్, అదే 2018 మే నెలలో శ్రీకాకుళంలో తిండి మానేసి కూర్చున్నారు. ఎందుకు? ఉద్దానం కిడ్నీ బాధితుల కోసం! ఎంతసేపు? 24 గంటలు!

ఉపన్యాసం చేసేటప్పుడు వెనక ఒక మనిషి పిల్లనగ్రోవి పట్టుకుని నిలబడితే ఎలా ఉంటుంది? నవ్వకండి, నిజం! క్రీ.పూ. 123లో రోమ్ ప్రజా ప్రతినిధి గాయస్ గ్రాకస్ అచ్చంగా అదే చేశాడు! ఆవేశమొస్తే ఆయన గొంతు చిరిగిపోయేది. అందుకని వెనక ఒక సేవకుణ్ణి పెట్టుకున్నాడు. శ్రుతి మించిందా, మెల్లగా ఊదేవాడు. గ్రాకస్ వెంటనే స్వరం దించేవాడు! మన టీవీ చర్చల్లో ప్రతి కుర్చీ వెనకా ఒకణ్ణి పెట్టాలనిపిస్తోంది కదూ!

ఎన్టీఆర్‌కి పిల్లనగ్రోవి అక్కర్లేకపోయింది. ఆయనకి బండి ఉంది! పాత షెవర్లే వ్యాను. పేరు చైతన్య రథం. తోలింది ఎవరు? కొడుకు హరికృష్ణ! ఆ బండి పైకప్పే వేదిక. అక్కణ్ణుంచే కాంగ్రెస్ వాళ్ళని ‘కుక్కమూతి పిందెలు’ అన్నారు. జీడితోటల్లో, మామిడితోటల్లో పుట్టి పెరిగిన ఉద్దానం జనానికి ఈ తిట్టు ఎవరైనా విడమరచి చెప్పాలా? 1982 మార్చిలో పార్టీ పెట్టారు, మరుసటి జనవరికి ముఖ్యమంత్రి! మొత్తం 9 నెలలు!

ఆ ఎన్టీఆర్ మన టెక్కలి ఎమ్మెల్యే అని మీలో ఎంతమందికి గుర్తుంది? 1994లో రెండు చోట్ల నిలబడ్డారు. ఆ కొసన హిందూపురం, ఈ కొసన టెక్కలి! రెండూ గెలిచారు! తర్వాత టెక్కలి వదులుకున్నారనుకోండి. ఆ ఎన్నికల్లో ఆయన పార్టీకి వచ్చిన సీట్లు 294లో 216!

కుర్చీ మీద పెద్దాయన పేరు రాసి ఉంది. పెద్దాయనేమో జైల్లో ఉన్నాడు! ఇది మన పలాసలోనే జరిగింది! 1940 మార్చి 26, 27 తేదీల్లో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు ఇక్కడే పెట్టారు. దేశం మొత్తం రైతు నాయకులు పలాస స్టేషన్లో దిగారు! అధ్యక్షుడిగా ఎన్నుకున్నది మహాపండితుడు రాహుల్ సాంకృత్యాయన్‌ని. బ్రిటిష్ సర్కారు ఆయన్ని ముందే పట్టుకుపోయింది!

మరి అధ్యక్ష స్థానంలో ఎవరు కూర్చున్నారు? ఇది ఇంకా పెద్ద వింత! పంజాబు నుంచి వచ్చిన బాబా సోహన్ సింగ్ భక్నా! అమెరికా గడ్డ మీద గదర్ పార్టీ పుట్టినప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఆయనే. పలాస వచ్చేనాటికి ఆయన వయసు 70! ఎక్కడి అమృత్‌సర్ జిల్లా, ఎక్కడి కాలిఫోర్నియా, ఎక్కడి మన పలాస!

ఆ సభలు ముగిసి 5 రోజులే అయింది. ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసుల తుపాకులు పేలాయి. జమీందారు మీద తిరగబడ్డ రైతుల ముందు ఒక నిండు గర్భిణి నిలబడింది. ఆమే వీర గున్నమ్మ! ఆమెతో కలిపి 5 ప్రాణాలు పోయాయి. వేదికెక్కి ప్రసంగించిన మనిషి కాదు. అయినా ఆ మహాసభల్లో మాట్లాడిన మహామహుల పేర్లు ఊళ్ళో ఎవరికీ నోటికి రావు, గున్నమ్మ పేరు తెలియని ఇల్లు లేదు!

ఇప్పుడు బారువ వెళ్దాం రండి. సముద్రం ఒడ్డు. 1909లో అక్కడి కల్లుగీత కుటుంబంలో ఒక పిల్లాడు పుట్టాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో దూకి జైలుకెళ్ళాడు. అప్పటికి ఇరవయ్యేళ్ళ కుర్రాడు! అతనే సర్దార్ గౌతు లచ్చన్న! జనం ఆయన పేరుకి ముందు తగిలించిన ‘సర్దార్’, 96 ఏళ్ళు బతికిన ఆ మనిషిని చివరిదాకా వదల్లేదు!

ఆ లచ్చన్న ఎవరి మీద లేచాడో తెలుసా? ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం మీద! తుపాకీకి గుండె చూపిన ప్రకాశం పంతులు మీద! 1954 నవంబరు, కర్నూలు శాసనసభ. గొడవ మద్య నిషేధం గురించి. నిషేధం వల్ల గీత కార్మికుల కడుపు మాడుతోందని లచ్చన్న పట్టు. అవిశ్వాస తీర్మానం వచ్చింది. మాటల తూటాలు పేలాయి. చివరికి ఓట్లు లెక్కపెట్టారు. ఎంత తేడాతో ప్రభుత్వం కూలిందో ఊహించండి. పది? ఐదు? కాదు! ఒక్కటి! ఒకే ఒక్క ఓటు! కల్లుగీత వాళ్ళ గోడు ఒక ముఖ్యమంత్రిని ఇంటికి పంపేసింది!

ఆ ఒక్క ఓటు దయ్యం మళ్ళీ ఎక్కడ లేచిందంటే ఢిల్లీలో! 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. అందరూ వేలెత్తి చూపిన ఓటు గిరిధర్ గమాంగ్‌ది. ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలకుండా వచ్చి వేసిన ఓటు! ఆయనెక్కడివాడు? మన సరిహద్దు అవతల ఒడిశా వాడే! ఆ రోజు ఆ సభలో మన శ్రీకాకుళం ఎంపీ ఎర్రన్నాయుడూ ఉన్నారు.

లచ్చన్నది ఇంకో ముచ్చట! 1967లో శ్రీకాకుళం నుంచి లోక్‌సభకి గెలిచారు. ఎవరైనా ఏం చేస్తారు? ఢిల్లీ రైలెక్కుతారు. ఆయన సీటు ఖాళీ చేశారు! అక్కడ నిలబడి గెలిచింది గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి, ఆచార్య రంగా! గురువు ఓడిపోయి ఉన్నాడని శిష్యుడి జిల్లా పిలిచి పంపింది. రాజకీయాల్లో ఇలాంటివి చెబితే ఇప్పటి కుర్రాళ్ళు నమ్మరు.

రోమ్ వాళ్ళు ఉపన్యాస వేదిక దేనితో అలంకరించారో తెలుసా? శత్రువుల ఓడలు పట్టుకొచ్చి, వాటి ముందుండే కంచు ముక్కులు కోసి, వేదికకి దిగ్గొట్టారు! క్రీ.పూ. 338 నాటి పని అది. ఇక అక్కడ నిలబడి మాట్లాడేవాడికి ధైర్యం తక్కువా?

అదే వేదిక సిసెరో పాలిట బలిపీఠమైంది! మార్క్ ఆంటోనీ మీద ఆయన 14 ప్రసంగాలు సంధించాడు. తాగుబోతన్నాడు, నిండు సభలో వాంతి చేసుకున్నాడన్నాడు, ఇంకా ఇక్కడ రాయలేనివి చాలా అన్నాడు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువ కాల్చింది రెండోది. దాని రహస్యం చెవిలో చెప్తాను: అసలు ఆ ప్రసంగం చెయ్యనే లేదు! రాసి వదిలాడంతే! రెండు వేల ఏళ్ళుగా లోకం చదువుతున్న తిట్ల మహాకావ్యం ఎవరి చెవిలోనూ పడలేదు!

దానికి చెల్లించిన ధర వినండి. క్రీ.పూ. 43 డిసెంబరు 7. ఆంటోనీ మనుషులు పల్లకిలో వెళ్తున్న సిసెరోని ఆపారు. ఆయన మెడ బయటికి చాచాడు. తల నరికారు. అంతటితో ఆగలేదు, ఆ ప్రసంగాలు రాసిన చేతుల్నీ నరికారు! అన్నీ తెచ్చి ఆయన మాట్లాడిన వేదిక మీదే పెట్టారు! ఆంటోనీ భార్య ఫుల్వియా ఇంకా కసి తీరక, తన జడ పిన్ను తీసి ఆ నాలుకలో గుచ్చిందని డియో అనే చరిత్రకారుడు రాశాడు. 63 ఏళ్ళ ముసలాయన నాలుక అంటే ఎంత భయమో చూడండి!

మాటని పాటగా మార్చి పేల్చినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు! పలాస దగ్గరి బొడ్డపాడు గుళ్ళో సుబ్బారావు పాణిగ్రాహి అనే పూజారి ఉండేవాడు. పొద్దున హారతి, రాత్రి జముకుల కథ! మన శ్రీకాకుళం పల్లెల కళ అది. జముకు మోగుతుంటే రైతుల కష్టం, షావుకార్ల మోసం కథగా చెప్పేవాడు. నక్సలైట్ పోరాటంలోకి వెళ్ళాడు. 1969 డిసెంబరు 22న పోలీసు తూటాలకి బలయ్యాడు. పూజారి చేతిలో గంట కన్నా జముకుకే సర్కారు భయపడింది!

వినపడని మనిషి నాలుగు గంటలు ఉపన్యసించాడంటే నమ్ముతారా? ఆయన మన గిడుగు రామమూర్తి! శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. సవరల భాష నేర్చుకోవడానికి కొండలన్నీ తిరిగారు. మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగి మింగి చెవులు పోయాయి! అయినా 1925లో తణుకు సభలో వాడుక భాష కోసం ఏకబిగిన 4 గంటలు వాదించారు. అవతలి పక్షం వేసే కేకలు ఆయనకి పెద్దగా వినపడి ఉండవు, అదో సుఖం!

పండితుల తిట్లు ఇంకా రుచి! గిడుగు 1933లో ఒక పుస్తకం వేశారు. దాని పేరే ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’! లోపల పేజీ తిప్పక్కర్లేదు, అట్ట మీదే చురక!

కోర్టు మెట్లెక్కడంలో రికార్డు ఎవరిదో తెలుసా? రోమ్ పెద్దమనిషి కేటోది! ఆయన నోటికి జడిసి శత్రువులు పెట్టిన కేసులు 44! ఎన్నిట్లో శిక్ష పడింది? ఒక్కదాంట్లోనూ లేదు! ప్లినీ అనే రోమన్ రచయిత రాసిన లెక్క ఇది. ఇప్పటి నాయకులు ఈ సంగతి వింటే పటం కట్టి పూజిస్తారు.

మనకి తిట్ల పోటీ కొత్తా? క్రీ.పూ. 56 నాటి రోమ్ చూడండి! సేనాని పాంపీ మాట్లాడుతుంటే, ఆయన విరోధి క్లోడియస్ మూక కేకలు. పాంపీ ముగించగానే క్లోడియస్ లేచాడు. ఇక ఇటువైపు వాళ్ళ వంతు! మిట్ట మధ్యాహ్నం మొదలుపెట్టి 2 గంటలు ఒకటే తిట్లు. క్లోడియస్‌నీ, ఆయన అక్కనీ కలిపి బూతు పద్యాలు కూడా! అప్పుడు క్లోడియస్ తన మనుషుల్ని ప్రశ్నలడిగాడు. జనాన్ని ఆకలితో చంపుతున్నది ఎవరని ఆయన అరిస్తే, పాంపీ అని వాళ్ళు బదులు! చివరికి క్లోడియస్ మనుషులు ఎదుటి పక్షం మీద ఉమ్మేశారు! ఇదంతా సిసెరో ఉత్తరంలో పూసగుచ్చినట్టు రాశాడు. సభలో నాయకుడు అడగడం, జనం ఒకే గొంతుతో జవాబివ్వడం సినిమా వాళ్ళు కనిపెట్టారని అనుకుంటున్నారా!

వాగ్ధాటికి గంట కొట్టడం రోమ్‌లోనూ ఉండేది! క్రీ.పూ. 52లో పాంపీ చట్టం తెచ్చాడు. నేరం మోపేవాడికి 2 గంటలు, కాచుకునేవాడికి 3! నీటి గడియారం బొట్టు బొట్టుగా కారిపోతుంటుంది. ఖాళీ అయిందా, నోరు మూసెయ్!

మన దగ్గర గడియారం ఎన్నికల సంఘం చేతిలో ఉంది! పోలింగ్ ముగిసే వేళకి 48 గంటల ముందు ప్రచారం బంద్. నోరు జారినా అంతే! 2024 మే 1న తెలంగాణ మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్‌కి సిరిసిల్లలో అన్న మాటలకి శిక్ష పడింది. అచ్చంగా 48 గంటలు ప్రచారం చెయ్యకూడదు! అంతటి మాటకారికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది చెప్పండి.

ఎదుటివాడి వ్యక్తిగత జీవితం మీద తెలిసి తెలిసి అబద్ధం చెప్పారా? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఊరుకోదు! గెలిచిన ఎన్నిక రద్దు కావచ్చు. పైగా 6 ఏళ్ళ దాకా పోటీకి పనికిరాకుండా పోవచ్చు! ఇదైనా నయం. రోమ్ తొలి చట్టాల్లో పరువు తీసే పాట కడితే శిక్ష ఏమిటో తెలుసా? మరణం!

చట్టం అలా ఉన్నా సైనికులు విన్నారా! క్రీ.పూ. 46లో సీజరు విజయోత్సవం. ఊరంతా పూలు. వెనక నడిచే సొంత సైనికులే ఆయన్ని బట్టతలోడని, ఆడపిచ్చోడని పాటలు కట్టి పాడారు! దేశాలు జయించినవాడు కిక్కురుమనలేదు. అది ఆచారం మరి!

ఎన్నికల గోడ రాతలూ కొత్తేం కాదు! క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో మునిగిన పాంపేయి ఊళ్ళో అవి ఇప్పటికీ కనిపిస్తాయి. వేటియా అనే అభ్యర్థికి ఒక గోడ మీద చిల్లర దొంగలంతా మద్దతు పలికారు! ఇంకో గోడ మీద రాత్రి పొద్దుపోయేదాకా తాగేవాళ్ళ మద్దతు! అసలు రాసింది ఎవరు? ఇంకెవరు, ఎదుటి పార్టీ వాళ్ళే అయ్యుంటారు! వేటియాకి చెంబెడు సున్నం కూడా దొరకలేదేమో, పాపం!

పార్లమెంటులో అనకూడని మాటలకి ఒక పుస్తకమే ఉందని తెలుసా? 1999లో లోక్‌సభ సచివాలయం అచ్చేసింది. ఎన్ని పేజీలు? దాదాపు 900! ఎవరెవరో అప్పటికే అనేసిన మాటలే అవన్నీ!

కోటబొమ్మాళి పక్కన నిమ్మాడ ఊరు చూశారా? చిన్న ఊరు. నోటి సంపద పెద్దది! ఎర్రన్నాయుడు 1983 జనవరిలో హరిశ్చంద్రపురం నుంచి ఎమ్మెల్యే అయ్యేనాటికి ఆయన వయసు 25! పోటీకి చట్టం పెట్టిన కనీస వయసూ అదే! తర్వాత లోక్‌సభకి వరుసగా నాలుగుసార్లు వెళ్ళారు.

తండ్రి కన్నా కొడుకు ఇంకో మెట్టు! రామ్మోహన్ నాయుడు లోక్‌సభలో హిందీలో మాట్లాడితే ఉత్తరాది సభ్యులు తలెత్తి చూస్తారు! 2018 జూలైలో మోదీ ప్రభుత్వం మీద తెలుగుదేశం అవిశ్వాసం పెట్టినప్పుడు మాట్లాడినవాళ్ళలో ఈయనొకరు. తీర్మానం 126–325తో వీగిపోయింది. 2024 జూన్‌లో అదే మోదీ మంత్రివర్గంలో ఈయన కేబినెట్ మంత్రి! అప్పటికి 36 ఏళ్ళు. దేశ చరిత్రలోనే అంత చిన్న వయసు కేబినెట్ మంత్రి లేరు!

మధ్యలో 2019 ఒకటుంది. ఆ ఏడు ఆయన ఒడ్డున పడింది 6,653 ఓట్లతో! ఐదేళ్ళు తిరిగేసరికి మెజారిటీ 3,27,901! ఒక్క గొంతే ఇంత తేడా తెచ్చిందంటే నేను నమ్మను, గాలి కూడా మారింది. కానీ గాలి వీచినప్పుడు గొంతు ఉన్నవాడికే కలిసొస్తుంది!

ఈసారి సాయంత్రం కాశీబుగ్గలో మైకు మోగితే కాసేపు ఆగండి. వేదిక మీద ఎవరున్నారని చూడకండి, ముందు నిలబడ్డవాళ్ళ చేతులు చూడండి. జీడిసొనకి నల్లబడ్డ వేళ్ళు! ఎవరు ఎవర్ని తిట్టినా ఆ చేతులు కదలవు. ఒక్క అంకె వినపడితేనే చప్పట్లు. 80 కిలోల జీడిపిక్కల బస్తాకి 16 వేలు కావాలని ఉద్దానం రైతులు అడుగుతూ వచ్చారు. ఏ పార్టీ వక్త అయినా ముందు ఆ మాట ఎత్తాల్సిందే! ఎత్తకుండా తిట్లు మొదలెట్టాడా, వెనక వరుసలోంచి ఎవరో ఒకరు కేకేస్తారు: ‘అదంతా సరే బావూ, పిక్కల రేటు ఏటి?’